మాట దొరికింది, వరుస పోయింది

(మన బడి స్వర్ణోత్సవ సభలో 1980 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థిని, విశ్రాంత లైబ్రేరియన్ చేసిన ప్రసంగ పాఠం)

నెల కిందట మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "అక్కా, నువ్వు ముప్పై ఏండ్లు లైబ్రరీల పనిచేసినవు కద. గ్రంథాలయాల్లో దేశభక్తి గీతాలు అని ఓ ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నాడు. సరే అన్నాను. ఫోన్ పెట్టేశాక గుండెలో రాయి పడింది. ఎందుకంటే ఈ విషయం మీద మాట్లాడాలంటే ముందు నేను చేసిన ఒక తప్పు ఒప్పుకోవాలి. అది ఈ బడిలోనే చేశాను. ఎవరికి అపచారం చేశానో ఆ టీచర్ ఇప్పుడు నా ఎదురుగానే, రెండో కుర్చీలో కూర్చుని ఉన్నారు.

మా కాలంలో బడి లైబ్రరీ అంటే స్టాఫ్ రూములో ఒక ఇనుప బీరువా. దానికి నేను మానిటర్‌ని. 1979 ఏప్రిల్‌లో తొమ్మిదో తరగతి పరీక్షలు అయిపోయాక, సెలవులిచ్చే ముందు బీరువా సర్దమని మా తెలుగు సారు తాళంచెవి ఇచ్చారు. లావు పుస్తకాలన్నీ ఒక పక్కన పెట్టాను. మిగిలినవి పల్చటి పుస్తకాలు. పదహారు పేజీలు, ముప్పై రెండు పేజీలు. అట్ట లేదు, వీపు మీద పేరు లేదు, కొన్నింటికి రాసినవారి పేరు కూడా లేదు. అన్నీ పాటల పుస్తకాలే. చైనా యుద్ధం నాటివి, 1965 నాటివి, బంగ్లాదేశ్ యుద్ధం నాటివి. వాటి అడుగున పొడుగాటి చేతిరాత నోటుబుక్కు ఒకటి. అది మా పాటల టీచర్‌ది. ప్రార్థనలో, ఆగస్టు పదిహేనుకు, జనవరి ఇరవై ఆరుకు మాకు నేర్పిన పాటలన్నీ అందులో ఉండేవి.

చినిగినవన్నీ ఎందుకనుకున్నాను. సైకిల్ వెనక కట్టుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో పాత పేపర్లు కొనే దుకాణంలో వేశాను. వచ్చిన డబ్బులతో బ్రౌన్ పేపర్ కొని లావు పుస్తకాలకు అట్టలు వేశాను. మంచి పని చేశానని సారు మెచ్చుకున్నారు కూడా.

జూన్‌లో బడి తెరిచారు. ఆగస్టు పదిహేను ప్రాక్టీసు మొదలుపెట్టిన రోజు టీచర్ బీరువా అంతా వెతికారు. "నా పాటల బుక్కు చూసినవా అమ్మా?" అని అడిగారు. నేను తల అడ్డంగా ఊపి, "తెల్వదు టీచర్" అన్నాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "మాటలు యాడనన్న దొరుకుతయి. వరుసలే గుర్తుండయి" అన్నారు. ఆ ఏడాది తనకు గుర్తున్న ఏడు పాటలే నేర్పించారు. నోటుబుక్కులో నలభై దాకా ఉండేవి.

టీచర్, ఆ బుక్కు అమ్మింది నేనే. తెలిసే అబద్ధం చెప్పాను. నలభై ఏళ్లు దాటాక ఇంతమంది ముందు ఒప్పుకుంటున్నాను. మన్నించండి.

ఇక విషయంలోకి వస్తాను. "మాటలు యాడనన్న దొరుకుతయి, వరుసలే గుర్తుండయి" అన్న ఆ ఒక్క మాట ఎంత నిజమో నాకు లైబ్రేరియన్ అయ్యాకే తెలిసింది. ఈ రోజు నేను చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

మన దగ్గర దేశభక్తి గీతాల పుస్తకం ఎట్లా ఉండేదో పెద్దవాళ్లు చూసే ఉంటారు. పాట మాటలు అచ్చేస్తారు. నెత్తిన చిన్న అక్షరాల్లో రాగం పేరో, తాళం పేరో, కాకపోతే 'ఫలానా పాట వరుస' అనో ఉంటుంది. ఆ ఫలానా పాట ఆ రోజుల్లో ఊరూరా తెలిసిన నాటకం పాట కావచ్చు, భజన కీర్తన కావచ్చు, సినిమా పాట కావచ్చు. చదివినవాడికి వెంటనే గొంతులోకి వచ్చేది. అందుకే స్వరం అచ్చేయాల్సిన పని లేకపోయింది. స్వరం జనం నోట్లో ఉంది, కాగితం మీద మాట ఉంటే చాలు.

ఈ పద్ధతి మనదేననుకునేదాన్ని. మా అమ్మాయి అమెరికాలో మేరీలాండ్‌లో ఉంటుంది. ఎల్‌బీ నగర్‌లో ఇంటికొక పిల్లో పిల్లగాడో అక్కడ ఉన్నవాళ్లమే కదా! మొన్నొకసారి వెళ్లినప్పుడు నన్ను బాల్టిమోర్ తీసుకుపోయింది. అక్కడ ఫోర్ట్ మెక్‌హెన్రీ అనే కోట ఉంది. 1814 సెప్టెంబరులో బ్రిటిష్ ఓడలు రాత్రంతా ఆ కోట మీద గుండ్లు కురిపించాయి. తెల్లారేసరికి కోట మీద జెండా ఇంకా ఎగురుతూనే ఉంది. అది చూసిన ఫ్రాన్సిస్ స్కాట్ కీ అనే లాయరు ఒక పద్యం రాశాడు. అదే తర్వాత 1931లో అమెరికా జాతీయ గీతం అయింది. ఆ పద్యం మొదట కరపత్రంగా అచ్చయినప్పుడు దాని మీద ఏముందో తెలుసా? ఫలానా పాట వరుసలో పాడుకోవాలని! అచ్చం మన పాటల పుస్తకంలాగే. ఆ ఫలానా పాట ఇంగ్లండు నుంచి వచ్చింది. లండన్‌లో సరదా పాటగాళ్ల సంఘం ఒకటి పాడుకునే పాట అది. శత్రువు దేశపు వరుస మీద తమ జాతీయ గీతం కట్టుకున్నారన్నమాట.

అయితే అక్కడ ఇంకొక పని జరిగింది. అదే ఏడాది బాల్టిమోర్‌లోనే కార్ అనే సంగీతం దుకాణదారు ఆ పాటను స్వరంతో సహా అచ్చేశాడు. దాన్ని వాళ్లు షీట్ మ్యూజిక్ అంటారు. రేడియో లేని కాలంలో పాట అమ్ముడుపోయింది అట్లాగే. ఇంట్లో పియానో ఉన్నవాళ్లు ఆ కాగితాలు కొనుక్కుని, ఎదురుగా పెట్టుకుని వాయించుకునేవారు. యుద్ధం వచ్చిందంటే కొత్త పాటలు వచ్చేవి, మీద రంగుల బొమ్మలతో. మొదటి ప్రపంచ యుద్ధం నాటి అలాంటి కాగితాలు వేలకు వేలు వాళ్ల లైబ్రరీల్లో ఉన్నాయి. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో లెస్టర్ లెవీ అనే ఒక్క మనిషి సేకరించి ఇచ్చినవే దాదాపు 30,000. ఇప్పుడు వాటిలో చాలావరకు ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో చూడవచ్చు.

వాళ్లకే మరో పాట ఉంది, 'అమెరికా ద బ్యూటిఫుల్'. మాటలు రాసింది క్యాథరిన్ లీ బేట్స్ అనే కాలేజీ పంతులమ్మ, 1893లో. వరుస కట్టింది శామ్యూల్ వార్డ్ అనే ఆయన, 1882లో, వేరే భక్తి గీతం కోసం. ఇద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు. వార్డ్ 1903లో పోయాడు. ఆ మాటలూ ఆ వరుసా కలిసి అచ్చయింది 1910లో. తన వరుస దేశమంతా పాడుతుందని ఆయనకు తెలియనే తెలియదు. కానీ వరుస కాగితం మీద ఉంది కాబట్టి, మనిషి పోయినా మాట దాన్ని వెతుక్కుంటూ వచ్చింది. మన దగ్గర అయితే ఏమయ్యేదో ఆలోచించండి.

అంటే మన దగ్గర ఎవరూ స్వరం రాయలేదని కాదు. మన జాతీయ గీతం సంగతే చూడండి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె వచ్చి బిసెంట్ థియోసాఫికల్ కాలేజీలో కొన్నాళ్లు ఉన్నారు. అక్కడ జనగణమన పాడి వినిపించారు, దానికి ఇంగ్లీషు అనువాదం చేశారు. ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ అనే ఐర్లండు ఆవిడకు పాశ్చాత్య సంగీతం బాగా వచ్చు. ఠాగూర్ దగ్గర కూర్చుని ఆ పాటకు స్వరం రాసుకున్నారు. చిత్తూరు జిల్లాలో, మన తెలుగు నేల మీద జరిగిన పని అది. అట్లాంటి ఒక మార్గరెట్ ప్రతి పాటకూ దొరకలేదు. అదీ మన దురదృష్టం.

ఇక పాటలు లైబ్రరీల్లోకి ఎట్లా చేరాయో చూద్దాం. ఇందులో ఒక విచిత్రం ఉంది. అమెరికాలో ఆ రోజుల్లో ప్రచురణకర్త తన పాట మీద హక్కు కావాలంటే ప్రతులు ప్రభుత్వానికి ఇవ్వాల్సి ఉండేది. 1870 నుంచి అవన్నీ వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేరాయి. మన దగ్గర కూడా అట్లాంటి చట్టమే వచ్చింది, 1867లో. ప్రతి ప్రెస్సూ అచ్చేసినదాని ప్రతులు సర్కారుకు ఇవ్వాల్సి ఉండేది. అయితే అది రాసినవాడి హక్కు కోసం కాదు. 1857 తిరుగుబాటు చూసిన సర్కారు, జనం ఏం చదువుతున్నారో కనిపెట్టి ఉండాలనుకుంది. అక్కడ పాటను దాచింది హక్కు, ఇక్కడ పాటను దాచింది భయం.

గరిమెళ్ల సత్యనారాయణ గారి 'మాకొద్దీ తెల్లదొరతనము' పాట సహాయ నిరాకరణ రోజుల్లో ఆంధ్రదేశమంతా మారుమోగింది. ఆ పాట పాడినందుకు ఆయన జైలుకు పోయారు. ఆయన 1952లో మద్రాసులో పేదరికంలోనే కన్నుమూశారు. ఆ కాలంలో అట్లా నిషేధించిన కరపత్రాలు, పాటల పుస్తకాలు మనలాంటివాళ్ల ఇళ్లలో చాలావరకు మిగల్లేదు. పోలీసులు వస్తారని కాల్చేసినవాళ్లు ఉన్నారు, చెదలు తిన్నవి ఉన్నాయి. మరి మిగిలినవి ఎక్కడున్నాయి? చాలా భాషలవి, తెలుగుతో సహా, లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలోనూ, ఢిల్లీలో జాతీయ అభిలేఖాగారంలోనూ, నిషేధిత సాహిత్యం అన్న పేరు కింద భద్రంగా ఉన్నాయి. పట్టుకున్నవాడే పదిలం చేశాడు! నేను ప్రేమతో అట్టలు వేసి మిగతావి అమ్మేశాను. వాళ్లు కోపంతో నిషేధించి ఫైలులో పెట్టారు. ఎవరు నయమో మీరే చెప్పండి.

మన హైదరాబాదు మాట కూడా చెప్పాలి. ఇక్కడ 1938లో ఉస్మానియా విద్యార్థులు హాస్టల్లో వందేమాతరం పాడినందుకు బయటికి పంపేశారు. చాలామంది నాగపూర్ వెళ్లి చదువుకున్నారు. వారిలో తర్వాత ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు గారు ఒకరు. అంతకు ముందే, 1901 సెప్టెంబరు 1న, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. తెలుగు పుస్తకం చదువుకోవడానికి ఒక చోటు కావాలని కొమర్రాజు లక్ష్మణరావు గారు, రావిచెట్టు రంగారావు గారు మొదలైనవారు పెట్టిన గ్రంథాలయం అది. ఇప్పుడు సుల్తాన్ బజారులో ఉంది. ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ దగ్గర దిగితే నడిచి పోవచ్చు. ఎంజీబీఎస్ దగ్గర దిగితే అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, అంటే 1891 నాటి ఆసఫియా. మన పిల్లలు రోజూ ఆ మెట్రోలోనే పోతారు, ఆ స్టేషన్లు దాటుకుంటూ.

మనలో సగం మంది అమ్మానాన్నలు నల్లగొండ రోడ్డు మీదనుంచే వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. సుద్దాల హనుమంతు గారిది అప్పటి నల్లగొండ జిల్లానే. ఆయన పాటలు సాయుధ పోరాటంలో ఊరూరా తిరిగాయి. కాగితం మీద పోలేదు, నోటి మీద పోయాయి. ఆయన 'పల్లెటూరి పిల్లగాడా' పాట తర్వాత 'మా భూమి' సినిమాలోకి వచ్చింది కాబట్టి మనందరికీ వరుసతో సహా మిగిలింది. రోజూ ప్రార్థనలో చేయి చాచి చెప్పిన ప్రతిజ్ఞ గుర్తుందా? అది పాట కాదుగానీ ఇక్కడ చెప్పకపోతే తప్పు. దాన్ని రాసింది నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకటసుబ్బారావు గారు. 1962లో, విశాఖపట్నంలో ట్రెజరీ ఆఫీసరుగా ఉన్నప్పుడు, తెలుగులో రాశారు. 1965 జనవరి 26 నుంచి దేశమంతా మొదలైంది. పాఠ్యపుస్తకంలో మొదటి పేజీలో అచ్చయింది గానీ ఎన్నో ఏళ్లు ఆయన పేరు లేదు. మనం పదేళ్లు రోజూ చెప్పాం, ఎవరు రాశారని ఒక్కరోజు కూడా అడగలేదు.

మాట మిగిలితే పేరు పోతుంది, పేరు మిగిలితే వరుస పోతుంది. లైబ్రేరియన్‌గా నా కష్టం అక్కడే. డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి 894.827 అని నంబరు, సంగీతానికి 780. పాటల పుస్తకాన్ని సాహిత్యంలో పెడితే సంగీతం వెతికేవాడికి దొరకదు. సంగీతంలో పెడదామంటే అందులో స్వరం లేదు. 49 పేజీలు లేనిదాన్ని చాలా చోట్ల పుస్తకంగానే లెక్కపెట్టరు, కరపత్రం అంటారు. నంబరు రాయడానికి వీపు ఉండదు. కట్ట కట్టి మూల పడేస్తారు. చెదలకు మాత్రం అదే మొదటి అల్మారా.

నేను పనిచేసిన కాలేజీ లైబ్రరీకి ఒకసారి ఎవరో పెద్దాయన ఇంటి పుస్తకాలు వచ్చాయి. ఆ కట్టలో 1965 యుద్ధం నాటి పదహారు పేజీల పాటల పుస్తకం. తెరిస్తే మూడో పాట మనదే! జవాన్లకు, రైతులకు దండం పెట్టే పాట, ప్రతి శుక్రవారం ప్రార్థనలో పాడేవాళ్లం. లాల్ బహదూర్ శాస్త్రి గారి 'జై జవాన్ జై కిసాన్' నినాదం వచ్చిన ఏడాది పాట, ఆయన పేరు పెట్టుకున్న మన ఎల్‌బీ నగర్‌లో. చేతులు వణికాయి. నేను అమ్మిన పుస్తకమే తిరిగి వచ్చినట్టనిపించింది.

పైన చిన్న అక్షరాల్లో వరుస రాసి ఉంది, ఏదో నాటకం పాట మొదటి మాటలు. ఆ నాటకం పాట ఏమిటో తెలిసినవాళ్లు నాకు ఈ రోజుకీ దొరకలేదు. పాడబోతే పల్లవి వచ్చింది, చరణం దగ్గర ఆగిపోయాను. మన బ్యాచ్ వాళ్లకు ఫోన్ చేశాను. వనస్థలిపురంలో ఉన్న స్నేహితురాలు పాడింది. కొత్తపేటలో ఉన్నతను పాడాడు. డల్లాస్ నుంచి ఒకామె వాట్సాప్‌లో పంపింది. నాతో కలిపి నలుగురం, పల్లవి ఒకటే, చరణం నాలుగు రకాలు. ఒకరిది సినిమా పాటలోకి పోయింది, ఒకరిది అన్నమయ్య కీర్తనలోకి పోయింది. మాట దొరికింది, వరుస పోయింది.

రికార్డయిన పాటల సంగతి వేరు. 'మా తెలుగు తల్లికి' పాటను శంకరంబాడి సుందరాచారి గారు 1942లో సినిమా కోసం రాస్తే, సినిమాలో రాలేదు. టంగుటూరి సూర్యకుమారి గారు గ్రామఫోను రికార్డు ఇచ్చారు కాబట్టి వరుస నిలిచింది. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి 'జయ జయ జయ ప్రియ భారత' తీసుకోండి. మా ఈడువాళ్లకు రేడియోలో విన్న వరుస తెలుసు. చిన్నవాళ్లను పాడమంటే 1986లో వచ్చిన 'రాక్షసుడు' సినిమాలో ఇళయరాజా గారు కట్టిన వరుస పాడతారు. రెండూ బాగుంటాయి. కొత్త వరుస రావడం తప్పు కాదు. పాతది ఉందని తెలియకపోవడమే నష్టం. కృష్ణశాస్త్రి గారి మేనకోడలు వింజమూరి అనసూయాదేవి గారు ఎన్నో పాటలకు వరుసలు కట్టారు. 2019లో హ్యూస్టన్‌లో కన్నుమూశారు. అట్లాంటివారు పోయిన ప్రతిసారీ ఒక బీరువా పోయినట్టే.

ఇంత చెప్పి ఊరికే దిగిపోను. మనం చేయగలిగిన పని ఉంది. భోజనాల తర్వాత ఎనిమిదో తరగతి బి సెక్షన్ గదిలో ఒక రికార్డర్ పెట్టాం. ఆ 1965 పుస్తకం జిరాక్సు కూడా పెట్టాం. వచ్చి మీకు గుర్తున్న బడి పాటలు పాడండి. గొంతు బాగుండాలని లేదు. పాడే ముందు మీ పేరు, బ్యాచ్, ఎవరు నేర్పారు, ఏ ఊళ్లో నేర్చుకున్నారు చెప్పండి. సగమే గుర్తుంటే సగమే పాడండి. మరచిపోయిన చోట సొంతంగా పూడ్చకండి, "ఇక్కడ మరచిపోయాను" అనండి. ఇళ్లలో పాత పాటల పుస్తకాలు, నోటుబుక్కులు ఉంటే పారేయకండి. చినిగిన చోట సెల్లోటేప్ అంటించకండి, ల్యామినేషన్ చేయించకండి. శుభ్రమైన బట్టలో చుట్టి నాకు ఒక మాట చెప్పండి. ఫొటోలు తీసుకుని మీది మీకు ఇస్తాను. అన్నీ చేరాక ఒక ప్రతి మన బడికి, ఒక ప్రతి ఊళ్లోని పెద్ద గ్రంథాలయానికి ఇద్దాం.

చివరగా మా టీచర్‌కు ఒక మనవి. టీచర్, మీకు ఇప్పుడు ఎనభై నాలుగు. నేను అమ్మిన నోటుబుక్కు తిరిగి తేలేను. అప్పుడు మీరు మాకు గుర్తుతో నేర్పిన ఏడు పాటల్లో ఈ జవాను పాట ఒకటి. దాని చరణం అసలు వరుస ఈ సభలో మీకు ఒక్కరికే తెలుసు. భోజనం చేసి, కాస్త నడుం వాల్చి, తర్వాత ఆ గదికి రండి. మీరు పాడండి. నలుగురం నాలుగు రకాలుగా పాడేవాళ్లం మీ వెనకే నిలబడి నేర్చుకుంటాం.

ఈసారి బుక్కు నేను పట్టుకుంటాను. ఎవరికీ ఇవ్వను.